జాయినింగ్ మెయిల్స్ వచ్చే రోజులు: ఫిల్టర్‌లో ‘డిలీట్’ ఉంటే ముందు తీసేయండి

మొన్న శనివారం గాజువాక నుంచి ఒకబ్బాయి, వాళ్ల నాన్న కలిసి వైజాగ్ మద్దిలపాలెంలో ఉన్న మా నెట్ సెంటర్‌కి వచ్చారు. అబ్బాయి బీటెక్ పూర్తయింది, క్యాంపస్‌లోనే సెలెక్ట్ అయ్యాడు. స్నేహితులందరికీ జాయినింగ్ తేదీలు వచ్చేశాయి, ఇతనికి రాలేదు. కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, “నెలన్నర కిందటే మెయిల్ పెట్టాం, ఐదు రోజుల్లో జవాబివ్వమన్నాం, మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు” అన్నారట. “అంకుల్, నేను స్పామ్ కూడా రోజూ చూస్తున్నాను” అంటున్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

అబద్ధమేమీ కాదు. స్పామ్‌లో లేదు, ట్రాష్‌లోనూ లేదు. సెట్టింగ్స్ తెరిస్తే తెలిసింది. రెండేళ్ల కిందట బట్టల షాపుల ప్రకటనలతో విసిగిపోయి, ‘ఆఫర్’ అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌నీ డిలీట్ చేయమని తనే ఒక ఫిల్టర్ పెట్టుకున్నాడు. ఆ కంపెనీ పంపింది ఆఫర్ లెటర్. జీమెయిల్ చెప్పిన పని చేసింది. ట్రాష్‌లో పడ్డ మెయిల్ 30 రోజులు దాటితే దానంతటదే పోతుంది, అదీ పోయింది. “ఎవరు తీసేశారు బాబూ దాన్ని?” అని ఆ పెద్దాయన అడిగితే మేమిద్దరం మానిటర్ వైపు చూస్తూ కూర్చున్నాం.

స్పామ్ ఫోల్డర్ చూసుకోమని అందరూ చెబుతారు, అది మళ్లీ నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: ఫిల్టర్‌కి డిలీట్ చేసే పని అప్పగించకండి. ఇన్నేళ్లలో మా సెంటర్‌లో మెయిల్ పోయిందని వచ్చి కూర్చున్నవాళ్లలో నిజంగా నష్టపోయినవాళ్లు ఎక్కువగా ఇలాంటివాళ్లే. స్పామ్‌లో పడినదైతే 30 రోజుల్లోపు వెతికి తెచ్చుకోవచ్చు, పైగా అక్కడ వెతకాలని అందరికీ తెలుసు. ఫిల్టర్ తీసేసింది ట్రాష్‌కి వెళ్తుంది. ట్రాష్‌లో ఎవరు వెతుకుతారు? అక్కడ ఉన్నది మనం పారేసిందే కదా అనుకుంటాం.

ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిస్తే ఈ ఫిల్టర్లు కనబడవు. కంప్యూటర్ మీద తెరవాలి. కుడివైపు పైన చక్రం గుర్తు, అందులో ‘సీ ఆల్ సెట్టింగ్స్’, ఆ తర్వాత ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’. మీరు ఎప్పుడో పెట్టి మరిచిపోయినవన్నీ వరసగా ఉంటాయి. ఒక్కొక్క దాని కింద అది ఏం చేస్తుందో రాసి ఉంటుంది. ‘డిలీట్ ఇట్’ అని ఉన్న ప్రతిదాన్నీ తీసేయండి. ప్రకటనల గోల భరించలేకపోతే డిలీట్ బదులు ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ పెట్టి ఒక లేబుల్ తగిలించండి. కంటికి అడ్డం రావు, కావాలంటే దొరుకుతాయి. అదే పేజీలో కింద మీరు బ్లాక్ చేసిన అడ్రసులు కూడా ఉంటాయి. బ్లాక్ చేసినవాళ్ల మెయిల్ నేరుగా స్పామ్‌కి పోతుంది. కోపంలో బ్లాక్ చేసిన కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ అడ్రసు అక్కడ ఉందేమో చూసుకోండి, నవ్వకండి, నేను రెండుసార్లు చూశాను.

ఒంటరి మాటల మీద ఫిల్టర్ అసలు పెట్టకూడదు. ‘ఆఫర్’ ఎలాగో ‘లోన్’ కూడా అంతే. ప్రకటన మెయిల్‌లోనూ ఉంటుంది, మీ ఎడ్యుకేషన్ లోన్ మంజూరైన మెయిల్‌లోనూ ఉంటుంది. సబ్జెక్టులో లేకపోయినా లోపల ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, ఫిల్టర్ పట్టుకుంటుంది.

ఇక రావాల్సిన మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు పోతుందంటే, తప్పు కొంత పంపేవాళ్లది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి మెయిల్ పంపేవాళ్లు ఎస్పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పెట్టుకోవాలి. రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకైతే ఆ రెండూ, వాటితో పాటు డీమార్క్ కూడా ఉండాలి. ఆ మెయిల్ నిజంగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందని తేల్చుకునే ఏర్పాట్లు ఇవి. కొత్తగా డొమైన్ (ఇంటర్నెట్‌లో సొంత పేరు) కొన్న చిన్న ఆఫీసులు వీటిని పట్టించుకోవు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ అనే ఫిల్టర్. ‘ఫ్రమ్’ గడిలో కంపెనీ మెయిల్ అడ్రసులో ఎట్ గుర్తు తర్వాత ఉండే భాగం రాసి ఇది పెట్టండి. కానీ ఆ గడిలో జీమెయిల్ డాట్ కామ్ అని మాత్రం రాయకండి. అలా రాస్తే జీమెయిల్ అడ్రసుతో మోసం చేసేవాళ్లందరికీ మీరే తలుపు తీసినట్టు.

గూగుల్ డేటా సెంటర్ వైజాగ్ వస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నాం, మన మెయిల్ డబ్బా తెరిచి చూసుకోవడానికి మాత్రం తీరిక ఉండదు. సరే, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్, ట్రాష్ రెండూ అందులోకి రావు. సెర్చ్ పెట్టె పక్కనున్న ఆప్షన్లలో ‘మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్’ ఎంచుకుని వెతకండి. ప్రమోషన్స్, అప్‌డేట్స్ ట్యాబ్‌లు స్పామ్ కావు, వాటిల్లోనూ చూడండి. బస్సులో ఊగుతూ మెయిల్ చూడకండి, వేలు పక్కకి జారితే అది ఆర్కైవ్‌కి పోతుంది. పోతే కంగారు పడకండి, ‘ఆల్ మెయిల్’లో ఉంటుంది. 15 జీబీ నిండిపోయిందేమో చూడండి. ఫోటోలు, డ్రైవ్ అన్నీ కలిపే ఆ 15. నిండితే కొత్త మెయిల్ లోపలికే రాదు, పంపినవాళ్లకి తిరిగి పోతుంది.

కావాల్సిన మెయిల్ స్పామ్‌లో కనబడితే ‘నాట్ స్పామ్’ నొక్కండి, ఊరికే చదివి వదిలేయకండి. వద్దనుకున్న ప్రకటనకి ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కండి. కాలేజీ వాళ్లు పంపినవాటికి ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కకండి. ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి, ఈ రెండు నెలలూ ఇవ్వకండి.

ఆఫీసు మెయిల్ అయితే స్పామ్‌లో కూడా కనబడకుండా క్వారంటైన్‌లో, అంటే అనుమానం ఉన్న మెయిల్స్‌ని ఆఫీసు పక్కన పెట్టే చోట, ఆగిపోవచ్చు. ఐటీ వాళ్లని అడగండి.

నెట్ సెంటర్‌లో అప్లికేషన్ పెట్టించేటప్పుడు సెంటర్ వాడి మెయిల్ ఐడీ ఇవ్వకండి. నా ఐడీ కూడా ఇవ్వకండి. పరీక్ష ఉత్తరం నా ఇన్‌బాక్స్‌కి వస్తే మీకెలా తెలుస్తుంది?

స్పామ్‌లో దొరికిన ప్రతి జాబ్ మెయిల్‌నీ నమ్మకండి. డిపాజిట్ కట్టమంటే కట్టకండి. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డిలీట్ ఫిల్టర్ పెట్టకండి. ఎవరో వీడియోలో చెప్పారని పెట్టకండి. తమ్ముడు చూపించాడని పెట్టకండి. ఉన్నది తీసేయండి.

తీసేశాక ఒక పని చేయండి. స్నేహితుడితో ‘ఆఫర్ లెటర్, జాయినింగ్ డేట్’ అని ఇంగ్లీషులో రాయించి మీకు ఒక మెయిల్ పెట్టించండి. ఎక్కడ పడిందో చూడండి. ప్రైమరీలో పడితే సరే. ఎక్కడా కనబడకపోతే మళ్లీ ఆ ఫిల్టర్స్ పేజీకి వెళ్లండి, ఇంకొకటి మిగిలి ఉంటుంది.