లేత్ దగ్గర చేతికి దెబ్బలు: సమస్య - పరిష్కారం

రాజాం, బొబ్బిలి షాపుల్లో లేత్ మీద, అంటే ఇనుముని తిప్పి చెక్కే మిషన్ మీద, రైసుమిల్లు షాఫ్టులు తిప్పుతూ తల నెరిసినవాణ్ణి. దెబ్బ తగిలించుకొచ్చిన ప్రతి కుర్రాణ్ణీ మొదట అడిగేది ఒకటే: ఆన్ చేసే ముందు, షాఫ్టుని పట్టి తిప్పే చక్ నుంచి దాన్ని బిగించే కీ తీసి, చక్‌ని చేత్తో ఓ చుట్టు తిప్పి చూశావా? జవాబుగా నేల చూపులు.

సమస్య: వేళ్ల మీద బ్లేడు గీసినట్టు కోతలు

మిషన్ తిరుగుతుండగా, చెక్కుతుంటే ఊడొచ్చే ఇనప చిప్స్‌ని చేత్తో లాగుతున్నారన్నమాట. మైల్డ్ స్టీల్ చిప్ తీగలా సాగుతుంది, కొస చక్‌కి చిక్కితే చేతినీ లాక్కుపోతుంది. మిషన్ ఆపి, కొక్కెంతో లాగండి. గ్లోవ్స్ వేసుకుంటాం అంటారు. తిరిగే మిషన్ దగ్గర గ్లోవ్స్ వద్దే వద్దు, కోతతో పోయేది వేలిదాకా వస్తుంది.

సమస్య: వేలు మెలిపడింది, "ఏటైందో తెలీనేదు మేస్త్రీ"

అందరూ టూలుని అనుమానిస్తారు. అసలు దొంగ ఎమరీ, మెరుగు పెట్టే గరుకు పట్టీ. బేరింగు కూర్చునే చోట చివరి మెరుగు పెడుతుంటారు, కోత అయిపోయింది కదా అని ధీమా. పట్టీని షాఫ్టు చుట్టూ తిప్పి రెండు కొసలూ ఒకే గుప్పిట్లో పడతారు, జారకుండా వేలికి ఓ చుట్టు కూడా. నా ఎడమ చూపుడు వేలి గోరు నేటికీ వంకరగా మొలిచేది ఆ చుట్టు పుణ్యమే.

పలుపుతాడు గుంజకి రెండు చుట్లు వేస్తే ఎద్దునైనా ఆపుతాం. ఇక్కడ గుంజే తిరుగుతోంది, తాడు కొస మీ చేతిలో ఉంది. ఒక కొస రెండోదాని మీదకి ఎక్కిందంటే లాగేకొద్దీ బిగుస్తుంది. 50 మి.మీ. షాఫ్టు 500 ఆర్‌పీఎం మీద సెకనుకి 1.3 మీటర్లు చుట్టేస్తుంది. స్విచ్ అందేలోపు అంతా అయిపోతుంది.

పట్టీని మూరెడు చెక్కబద్దకి అతికించి, కోసే టూలుని పట్టే టూల్ పోస్ట్ దూరంగా జరిపి, షాఫ్టు మీద పైనుంచి తేలిగ్గా ఆనించండి. చిక్కితే బద్దని వదిలేయండి, చెక్కకి ఏడ్చేవాడు లేడు. బోరు (జాబ్ లోపలి రంధ్రం) లోపల మాత్రం వేలితో ఎమరీ పెట్టొద్దు.

మిగతావి

ఆకురాయి తోక అరచేతిలో గుచ్చుకుందా, పిడి వెయ్యండి. స్పానరు జారి వేలు చక్ జాకి (పట్టే దవడకి) కొట్టుకుందా, నోరు అరిగింది, మార్చండి. జాబ్, అంటే చక్‌లో బిగించిన ముక్క, ఊడి ఎగరొచ్చు కూడా, చక్ సరిగ్గా బిగించండి. ఉంగరాలూ, ఆఖరికి పైడితల్లి పండక్కి కట్టుకున్న మణికట్టు దారమూ షాపు గుమ్మం దగ్గరే తీసి జేబులో పెట్టుకోండి. సాయంత్రం మళ్లీ కట్టుకోవచ్చు, అమ్మవారేమీ అనుకోదు.