20 పేజీలు తీసేస్తే గానీ కథ కదల్లేదు

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పగలు ఉద్యోగం, రాత్రి స్క్రిప్టు రాయడం నేర్పే ఆన్‌లైన్ క్లాసు. ఎపిసోడ్ గంట నిడివి ఉండే సిరీస్‌కి పైలట్, అంటే మొదటి ఎపిసోడ్, రాయాలి. స్క్రిప్టులో పేజీకి సుమారు నిమిషం లెక్క, కాబట్టి 50, 60 పేజీలు.

నా కథ అలిపిరిలో నడక భక్తుల సామాన్లు తీసుకునే కౌంటర్‌లో పనిచేసే అమ్మాయిది. మొదటి 20 పేజీలూ ఆమె చిన్నతనం, నాన్న అప్పులు, అక్క పెళ్లి. అది చదివిన మా క్లాసు మేడమ్ ఒకటే అడిగారు: "ఈ కథ ఇవాళే ఎందుకు మొదలైంది?" జవాబు లేదు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను.

తర్వాత ఆ 20 పేజీలూ తీసేశాను. ఇప్పుడు మొదటి సీన్: తెల్లవారుజామున కౌంటర్‌లో ఒక బ్యాగు మిగిలింది. దాని కోసం ఇద్దరొచ్చారు, ఇద్దరి టోకెన్ మీదా ఒకే నంబరు. ఆమె జిప్పు మీద చెయ్యి వేసి, తీయకుండా ఆగుతుంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉందని అక్కడే అర్థమైపోతుంది, ఎవరూ నోరు విప్పక్కర్లేదు.

డైలాగులు ఇంకో తలనొప్పి. అమ్మ చేత పైకి చదివించాను. "ఎవురే ఇట్ల మాట్లాడేది?" అంది. ఆమె తడబడిన ప్రతి లైనూ మార్చేశాను.

ఇప్పటికి 54 పేజీలు. చివర్లో ఆ బ్యాగు తెరవాలా వద్దా అన్నదే తేలలేదు.