గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదం: ఈఎస్ఐ పరిహారానికి దరఖాస్తు ఎలా?

రివర్స్‌లో వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ చక్రం పాదం మీదికెక్కింది. లేదా పై ర్యాక్ నుంచి ప్యాలెట్ జారి భుజం మీద పడింది. ఆసుపత్రికి పరుగెత్తే హడావిడిలో కాగితాల సంగతి ఎవరికీ గుర్తుండదు. క్లెయిమ్ మాత్రం చాలావరకు ఆ మొదటి రోజు రాసిన రెండు మూడు వాక్యాల మీదే నిలుస్తుంది.

నెల జీతం 21,000 రూపాయల దాకా ఉన్నవారికి, కాంట్రాక్టర్ కింద పనిచేసేవారికి కూడా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా పథకం, వర్తిస్తుంది. జబ్బు చేసినప్పుడైతే ఇన్ని రోజుల చందా ఉండాలంటారు. పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు, చేరిన రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

ముందు సూపర్‌వైజర్‌కు చెప్పి ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి. మీరు లేవలేని స్థితిలో ఉంటే మీ తరఫున తోటి కార్మికుడు చెప్పినా చెల్లుతుంది. "కాలికి దెబ్బ" అని ముక్తసరిగా వదిలేయొద్దు. "లోడ్ లెక్కపెడుతుండగా, వెనక్కి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ చక్రం ఎడమ పాదం మీదికెక్కింది" అని ఉండాలి. టైమ్, చోటు, చూసినవాళ్ల పేర్లు కూడా రాయించి, ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆసుపత్రిలోనూ ఇదే చెప్పండి. "బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం" అని కంపెనీవాళ్లు అంటే ఒప్పుకోకండి. కేస్‌షీట్‌లో ఎక్కిన అబద్ధాన్ని తర్వాత తీయించడం మహా కష్టం.

ఈఎస్ఐకి ప్రమాద నివేదిక పంపాల్సింది యజమాని. చాలాకాలంగా ఫారం 12 అంటున్నది దీన్నే. కాపీ అడగండి. పంపకుండా నాన్చుతుంటే మీరే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. "లైసెన్స్ లేకుండా నడిపావు, నీకేమీ రాదు" అని భయపెట్టేవాళ్లు ఉంటారు. యజమాని పని కోసమే నడిపి ఉంటే, రూల్ తప్పారన్న ఒక్క కారణంతో హక్కు పోదు.

ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్, క్లెయిమ్ ఫారం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం 3 రోజులు పనిచేయలేకపోతే, సగటు రోజు కూలిలో దాదాపు 90 శాతం వస్తుంది. సర్టిఫికెట్‌లో ఉన్న రోజుల్లో డ్యూటీకి వెళ్లకండి, వెళ్తే ఆ రోజుల డబ్బు రాదు.

వేలు పోయినా, కాలు మునుపటిలా మడత పడకపోయినా మెడికల్ బోర్డుకు దరఖాస్తు చేయాలి. సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో బోర్డు తేలుస్తుంది, దాన్నిబట్టి నెలనెలా భత్యం జీవితాంతం వస్తుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలుకు వెళ్లవచ్చు. బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు కొత్త రిపోర్టులతో పాటు ప్రమాదం రోజు తీసిన మొదటి ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లండి.