జూనియర్‌కు ఒక తోడు: యాప్ రూపకల్పన పాఠాలు – 3. ఖాళీ పెట్టె, సరైన జత

ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరినవారికి ఒక సీనియర్‌ను తోడుగా జత చేసే యాప్‌ను ఈ పాఠాల్లో రూపొందిస్తున్నాం. గత పాఠంలో ఇచ్చిన పని గుర్తుంది కదా? మీ కాలేజీలో కొత్తగా చేరిన పది మందిని కలిసి, మొదటి నెలలో వాళ్లకు వచ్చిన సందేహాలను వాళ్ల మాటల్లోనే రాసుకోమన్నాను. ఆ కాగితాలు ఎదురుగా పెట్టుకోండి. వాటి సాయంతో ఈసారి రెండు పనులు నేర్చుకుందాం. జూనియర్ యాప్ తెరవగానే కనిపించే మొదటి తెరను కాగితం మీద గీయడం మొదటిది. ఏ జూనియర్‌కు ఏ సీనియర్‌ను జత చేయాలో తేల్చుకోవడం రెండోది. లాగిన్, పాస్‌వర్డ్, రంగులు, గుర్తుల జోలికి ఇప్పుడు వెళ్లకండి. అవన్నీ చివరి వారంలో తేలిగ్గా కుదిరే పనులు.

నేను ఇలాంటి యాప్ మొదటిసారి గీసినప్పుడు తెర నిండా ఒక ఖాళీ పెట్టె పెట్టాను. దాని పైన ‘మీ సీనియర్‌ను ఏదైనా అడగండి’ అని రాశాను. ఫోను తెరంత కాగితం ముక్క మీద గీసిన ఆ బొమ్మను, అప్పుడే కాలేజీలో చేరిన ఒక అమ్మాయి చేతికిచ్చి, పెన్సిల్‌తో అందులో రాయమన్నాను. ఆమె ‘అన్నా’ అని రాసి కొట్టేసింది. ‘సర్’ అని రాసి అదీ కొట్టేసింది. పెన్సిల్ ములుకును పెట్టె అంచు వెంట తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి కాగితం నా వైపు జరిపి, “అడగడానికి ఏమీ లేదు సర్” అంది.

అంతకు పది నిమిషాల ముందు ఇదే అమ్మాయి నాతో ఎన్నో చెప్పింది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు మినీ డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) కొనాలో, ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చో తెలియలేదట. హాస్టల్ గదిలో తనొక్కతే తెలుగు మీడియంలో చదివిందట. క్లాసులో అర్థం కాకపోయినా అందరితోపాటు తలూపుతోందట. సందేహాలకు కొదవ లేదు. ఎదుటివారిని ఏమని పిలవాలో, ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో, తెలుగులో రాయవచ్చో లేదో, ఆ పెట్టె ఆమెకు చెప్పలేదు. అంతే.

అందుకే ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: మొదటి మాట జూనియర్ మీద వేయకండి. జత కుదరగానే సీనియర్ నుంచి పలకరింపు వెళ్లాలి. ‘నన్ను అక్కా అని పిలువు, తెలుగులోనే రాయి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా ఫరవాలేదు’ అని ఆ పలకరింపులోనే ఉండాలి. ఏమని పిలిపించుకోవాలో సీనియర్ పేరు నమోదు చేసుకునేటప్పుడే అడిగి పెట్టుకోండి. టైపు చేయడం ఇబ్బందిగా ఉండేవారి కోసం మాట్లాడి పంపే మీట ఒకటి పక్కనే ఉండాలి.

ఇక ఆ ఖాళీ పెట్టె పైన, మీ కాగితాల్లోని సందేహాలనే నాలుగైదు మీటలుగా పెట్టండి. ‘మినీ డ్రాఫ్టర్ కొనాలా?’, ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు ఎవరికి ఇవ్వాలి?’, ‘హాజరు తగ్గితే ఏమవుతుంది?’ వంటివి. వాళ్ల మాటలను మీరు దిద్దకండి. తన మనసులోని మాట తెర మీద అచ్చుగా కనిపిస్తే, ఇది అందరికీ వచ్చే సందేహమేనని జూనియర్‌కు ధైర్యం వస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. హాజరు సంగతే చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే తగిన కారణం చూపి మినహాయింపు కోరవచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఇలాంటిది సీనియర్ జ్ఞాపకానికి వదిలేస్తే ‘ఏమీ కాదులే’ అన్న జవాబు రావచ్చు, ఒక ఏడాది పోవచ్చు. నిబంధన ఉన్నచోట దాన్ని యాప్‌లోనే స్థిరంగా రాసిపెట్టండి. జ్వరంతో పది రోజులు ఇంటికి వెళ్లినప్పుడు ఎవరిని కలిశారు, ఏ కాగితం ఇచ్చారు అన్న అనుభవం మాత్రం సీనియర్ చెప్పాలి.

ఇప్పుడు జత కలపడం. చాలామంది బ్రాంచితో మొదలుపెడతారు: కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ)కి సీఎస్ఈ, సివిల్‌కు సివిల్. నేను ఒప్పుకోను. మొదటి ఏడాదిలో గణితం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ వంటివి దాదాపు అన్ని బ్రాంచీలకూ ఉంటాయి. జూనియర్‌ను కుంగదీసేవి చాలావరకు సిలబస్‌కు బయటే ఉంటాయి. కాబట్టి నేను వేసే మార్కులు ఇవి: ఇద్దరూ హాస్టల్ లేదా ఇద్దరూ ఇంటి నుంచి వచ్చేవారైతే 3, ఇంటర్ ఒకే మీడియంలో చదివితే 3, ఒకే బ్రాంచి అయితే 2, ఒకే జిల్లా అయితే 1.

ఒక లెక్క వేసి చూద్దాం. జూనియర్ సీఎస్ఈ, హాస్టల్, తెలుగు మీడియం, ఆదిలాబాద్ జిల్లా అనుకోండి. మొదటి సీనియర్ సీఎస్ఈలో క్లాసు ఫస్టు, హైదరాబాద్‌లోని ఇంటి నుంచి వస్తాడు, ఇంగ్లీషు మీడియం. ఇతనికి 2 మార్కులే. రెండో సీనియర్ది సివిల్, హాస్టల్, తెలుగు మీడియం, ఆదిలాబాదే. మొదటి సెమిస్టర్‌లో గణితం పోగొట్టుకుని తర్వాత పాసయ్యాడు. ఇతనికి 7. నాకైతే ఆ పోయిన గణితం కూడా అర్హతే. పరీక్ష తప్పిన రాత్రి ఎలా గడుస్తుందో, మళ్లీ ఎలా కూర్చుని చదవాలో క్లాసు ఫస్టుకు తెలియకపోవచ్చు.

ర్యాంకు అడగకండి, కులం అడగకండి. అడ్మిషన్ ఫారంలో ఆ గడులు ఉన్నాయి కదా అని ఇక్కడికి ఎత్తుకురాకండి. అక్క కావాలా, అన్న అయినా ఫరవాలేదా అన్నది మాత్రం జూనియర్ ఇష్టానికే వదిలేయండి. డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారిని మరిచిపోవద్దు. తోటివాళ్లంతా ఏడాది పాతబడిన క్లాసులోకి వచ్చే కొత్తవాళ్లు వాళ్లు. మొదటి ఏడాది వారి జాబితా మాత్రమే తీసుకుంటే వాళ్ల పేర్లు అందులో ఉండనే ఉండవు.

ఒక సీనియర్‌కు ఐదుగురు చాలు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ రూపొందించిన ప్రవేశ కార్యక్రమంలో ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నారు. ఆ గుంపులనే వాడుకుని, గుంపుకు నలుగురు సీనియర్లను ఇవ్వండి. 600 మంది కొత్తవారుంటే 120 మంది కావాలి. 70 మందే దొరికితే ఒక్కొక్కరికి తొమ్మిది మందిని అంటగట్టకండి. ముందు హాస్టల్ వారికి ఇచ్చి, మిగిలినవారి కోసం మరికొందరిని అడగండి.

సీనియర్, జూనియర్ అన్న మాటలు పక్కపక్కన వస్తే తల్లిదండ్రులకు ర్యాగింగే గుర్తుకొస్తుంది. ఆ భయాన్ని తేలిక చేయవద్దు. ఫోను నంబర్లు ఒకరికొకరికి కనిపించకూడదు. సంభాషణ తెర మీద ఎప్పుడూ ఒక ఫిర్యాదు మీట ఉండాలి. ఆ ఫిర్యాదు విద్యార్థి సమన్వయకర్తకు కాకుండా నేరుగా బాధ్యుడైన అధ్యాపకుడికి చేరాలి. పక్కనే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు ఉండాలి. ఇంకో సంగతి: చేరేవారిలో పదిహేడేళ్లవారూ ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. అందుకే అవసరం లేని గడి ఒక్కటి కూడా ఫారంలో పెట్టకండి.

ఈ వారం పని: మొదటి తెరను కాగితం మీద గీసి ఐదుగురికి ఇవ్వండి. మీరు నోరు మెదపవద్దు, సాయం చేయవద్దు. పెన్సిల్ ఎక్కడ ఆగిందో, ఏ మాట కొట్టేశారో రాసుకోండి. తర్వాత ఒక ఇరవై మంది గుంపుకు, నలుగురు సీనియర్లకు పై మార్కులు చేత్తోనే వేసి జతలు కుదర్చండి. పలకరింపులు, సందేహాలు, జవాబులు ప్రస్తుతానికి మీ చేతుల మీదుగానే పంపించండి. కోడ్ ఇంకా రాయకండి. జత కుదిరాక సీనియర్ మూడు రోజులు జవాబివ్వకపోతే ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం. దానికి మీ ఇరవై మందిలో ఎవరికి ఏ రోజు జవాబు వచ్చిందో తేదీలతో సహా కావాలి.