షెడ్డు ప్యానెల్ నుంచి ఆర్‌వీకి కరెంటు

టెక్సస్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ఉన్న సబ్‌ప్యానెల్ (ఇంటి మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే చిన్న ప్యానెల్) నుంచే ఆర్‌వీకి, అంటే ఇల్లులా ఉండే ప్రయాణాల బండికి, 50 ఆంపుల అవుట్‌లెట్ తీశాను. ముందు పర్మిట్ తీసుకోండి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

ఇంటి నుంచి షెడ్డుకి నాలుగు వైర్లు రావాలి: రెండు హాట్ (కరెంటు వచ్చేవి), ఒక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లేది), ఒక గ్రౌండ్ (ఎర్త్). షెడ్డు ప్యానెల్‌లో న్యూట్రల్, గ్రౌండ్ కలవకూడదు. ఆ రెంటినీ కలిపే బాండింగ్ స్క్రూ ఉంటే తీసెయ్యండి. ఆ రెండూ కలిసేది ఇంటి మెయిన్ దగ్గరే. బయట 8 అడుగుల రాడ్లు రెండు, కనీసం 6 అడుగుల ఎడంతో దిగ్గొట్టి గ్రౌండ్ బార్‌కి కలపాలి. రాడ్లున్నాయి కదా అని గ్రౌండ్ వైరు మానేస్తే, ఫాల్ట్ వచ్చినా బ్రేకర్ పడకపోవచ్చు. మట్టి అంత కరెంటు మోయదు.

50 ఆంపులకి 6 గేజ్ రాగి వైరు వాడాను. 30 ఆంపుల ఆర్‌వీ అవుట్‌లెట్ అయితే 120 వోల్టులే. బట్టల డ్రయర్ అవుట్‌లెట్ అనుకుని 240 వోల్టులు ఇచ్చే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు, బండిలో సామాను మాడిపోతుంది. ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్‌తో కొలవండి.