ఆవుకి గోమారి జ్వరం వచ్చిందా? ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి

సాయంత్రం పాలు సగానికి పడిపోయి, ఆవు దాణా ముట్టకుండా తల వేలాడేసుకుని నిలబడితే ముందు థర్మామీటర్ తీయండి. మలద్వారంలో రెండు నిమిషాలు పెడితే 101-102 ఉండాలి. 104 దాటి, చెవుల్లో, గంగడోలు దగ్గర, తోక కింద గోమార్లు (కొన్నిచోట్ల పిడుదులంటారు) కూడా కనిపిస్తే జ్వరం సూది ఒకటి వేయించి ఊరుకోకండి. మా జెర్సీ ఆవుకి నేను చేసిన పని అదే, రెండు రోజులు వృథా అయ్యాయి.

తర్వాత మెడ, భుజం కలిసేచోట తడమండి. చర్మం కింద నిమ్మకాయంత, ఒక్కోసారి కోడిగుడ్డంత బిళ్ల చేతికి తగిలితే థైలేరియా (గోమారి కాటుతో సోకే రక్తపు జబ్బు) అని గట్టిగా అనుమానించాలి. ఒంగోలు ఆవులు దీన్ని కొంత తట్టుకుంటాయి గానీ జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరాలు, వాటి దూడలు త్వరగా పడిపోతాయి.

కింది కనురెప్ప తిప్పి చూడండి, తెల్లగా పాలిపోయిందంటే రక్తం తగ్గినట్టే. మూత్రం కాఫీ డికాక్షన్‌లా ఉంటే బబేసియా అనే మరో గోమారి జబ్బు అయ్యుండొచ్చు. మూత్రం మామూలుగానే ఉండి, కళ్లు పచ్చబడి, పేడ గట్టిపడితే అనాప్లాస్మా కావచ్చు, ఇదీ గోమారి జబ్బే. ఇక్కడే ఒక మెలిక ఉంది: ఈనిన కొన్ని వారాలకు గేదె ఎర్రగా మూత్రం పోస్తే అది భాస్వరం లోపం కూడా కావచ్చు.

అందుకే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పశువుల డాక్టర్ని పిలిచి, సూది పడకముందే చెవి నరం నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేయించమనండి. థైలేరియాకు బుపర్వాకోన్, బబేసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు, మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. పాలు ఎన్నాళ్లు వాడకూడదో కూడా అప్పుడే అడగండి. నీరసంగా ఉన్న ఆవుని ఎండలో ఆస్పత్రికి నడిపించొద్దు.

ఇక గోమార్ల సంగతి. ఆవు మీద మందు కొడితే సరిపోతుందనుకుంటాం, కానీ ఆడ గోమారి కడుపునిండా రక్తం తాగి కింద రాలి, గోడ పగుళ్లలోకి దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి డెల్టామెత్రిన్ లాంటి మందుని సీసా మీద రాసిన లెక్కలో కలిపి, చల్లని పూట, ముందు కడుపునిండా నీళ్లు తాగించి, నాకకుండా మూతికి చిక్కం కట్టి కొట్టండి. దాణా తొట్టి మీద పడనివ్వొద్దు. అదే రోజు కొట్టంలో పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. రెండు మూడు వారాలకు రాత్రిపూట టార్చి పట్టుకుని గోడ అంచులు చూడండి, సన్నని గోమారి పిల్లలు పాకుతూ కనిపిస్తే మళ్లీ కొట్టాల్సిందే.