కొండ ఊట నీళ్లను ఊరికి దించే పద్ధతి

లద్దాఖ్ లాంటి సరిహద్దు కొండల్లో సైన్యంలోని సాపర్లు (ఇంజినీరింగ్ పనులు చేసే సైనికులు) ఊరికి నీళ్లివ్వాలంటే మోటారు జోలికి పోకపోవడమే మేలు. డీజిల్ మోయాలి, చెడితే మెకానిక్కు దొరకడు. ఊరికన్నా ఎత్తున ఊట ఉంటే నేల వాలే నీళ్లను దించుతుంది.

ముందు ఊటను కొలవండి. 20 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు, అంటే రోజుకు 43,200 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు, 300 మందికి 16,500. బోలెడు మిగులు అనుకోకండి. మంచు కరిగే రోజుల్లో కొలిచి లైను వేస్తే చలికాలం చివర్లో కుళాయిలు ఎండిపోతాయి. ఊట బాగా సన్నబడే నెలలోనే కొలవాలి. అందులోంచి పశువులకు, పొలాలకు పోయే వాటా తీసేయాలి. లేదంటే ఏదో రాత్రి ఎవరో పైపు కోసేస్తారు!

ఊట చుట్టూ కట్టే పెట్టెలో నీటిమట్టం సహజ మట్టాన్ని దాటకూడదు. ఎదురొత్తిడి పెరిగితే ఊట పక్కదారి పడుతుంది, మళ్లీ తిరిగి రాదు. అందుకే పొర్లు పైపును ఆ మట్టానికి కాస్త కిందే పెట్టాలి. అడుగున బురద వదిలే పైపు, బయటికి పోయే పైపుకు జల్లెడ, వాననీరు లోపలికి రాకుండా పైవైపు ఒక కాలువ ఉండాలి.

పైపు ఎంపికలో ఎక్కువమంది తప్పు చేసేది ఒత్తిడి దగ్గర. 10 మీటర్ల దిగుడుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. పీఎన్ 6 (ఆరు కిలోల ఒత్తిడి తరగతి) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు 60 మీటర్ల దిగుడు వరకే ఓర్చుకుంటుంది. దిగుడు అంతకు మించితే నీళ్లు పారుతున్నప్పుడు బాగానే ఉంటుంది, రాత్రి కుళాయిలన్నీ కట్టేశాక పగులుతుంది. 150 మీటర్ల దిగుడుంటే సుమారు 50 మీటర్లకొకటి చొప్పున మధ్యలో రెండు ఒత్తిడి తగ్గించే తొట్లు కట్టాలి, వాటిలో నీరు గాలికి తెరుచుకుని ఉండాలి. లోపలి వ్యాసం 35 మి.మీ. ఉన్న పైపులో సెకనుకు అర లీటరు పారితే కిలోమీటరుకు సుమారు 11 మీటర్ల ఎత్తు రాపిడికే పోతుంది.

పైపు ఎక్కి దిగే చోట గట్టు మీద గాలి చిక్కుకుంటే ధార ఆగిపోతుంది. అక్కడ గాలి వదిలే ఎయిర్ వాల్వు, పల్లంలో బురద వదిలే వాషౌట్ పెట్టండి. నేల ఎంత లోతున గడ్డకడుతుందో ఊరి పెద్దలకు తెలుసు, పైపు అంతకన్నా కిందికి పోవాలి. బయట కనిపించే వాల్వులే ముందు పగులుతాయి.

10,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ కావాలంటే 33 శాతం బ్లీచింగ్ పౌడరు 60 గ్రాములు. పాత డబ్బాలో బలం తగ్గుతుంది. అరగంట తర్వాత కుళాయి దగ్గర లీటరుకు 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగిలిందో లేదో చూసి, మిగలకపోతే మోతాదు పెంచండి.